కుట్టుమిషన్ పెట్టె నుంచి పుస్తకాల సంచిలోకి

తిరువణ్ణామలైలో రమణాశ్రమం నీడన పెరిగి, తమిళం ధారాళంగా మాట్లాడిన ఒక ఆంగ్లేయుడి అబ్బాయి పెద్దయ్యాక అమెరికా చేరాడు. 1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కంప్యూటర్ ప్రదర్శనలో ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని పేరు ఆడమ్ ఆస్బోర్న్. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి మీద పుస్తకాలు రాసినవారు. ఆ పెట్టె చూడ్డానికి అచ్చం కుట్టుమిషన్ పెట్టెలా ఉండేది. పైన పిడి, మూత తీస్తే కీబోర్డు, మధ్యలో ఐదంగుళాల బుల్లి తెర. బరువు 11 కిలోలు. లోపల బ్యాటరీ లేదు. ధర 1,795 డాలర్లు. అయినా జనం ఎగబడ్డారు. విడిగా కొంటే దాదాపు మిషనంత ఖరీదు చేసే వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను ఆయన అదే ధరలో కలిపి ఇచ్చాడు. ఆస్బోర్న్-1 అలా బాగా అమ్ముడుపోయిన తొలి సంచార కంప్యూటర్ అయింది.

మరుసటి ఏడాదే కేప్రో అనే పోటీ కంపెనీ తొమ్మిదంగుళాల తెరతో దిగింది. అగ్గిపెట్టె లాంటి తెరలోకి కళ్లు చిట్లించి చూసిన జనానికి ప్రాణం లేచివచ్చింది. 1983 సెప్టెంబర్‌లో ఆస్బోర్న్ కంపెనీ దివాలా తీసింది. ఆయన ఆఖరి రోజులు కొడైకెనాల్‌లో గడిపి 2003లో అక్కడే కన్నుమూశారు.

తక్కువ ధరకు వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్ దగ్గరా నాకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: ధర తగ్గించడానికి దేన్ని తీసేశారు? తీసేసింది కంటికో చేతికో తగిలేదైతే ఆ మిషన్ నిలవలేదు. లేకపోయినా పని ఆగనిదైతే నిలిచింది. ఈ నలభై ఏళ్ల చరిత్రను ఈ ప్రశ్న పట్టుకునే చదవాలని నా ఉద్దేశం.

ఊహ మాత్రం ఆస్బోర్న్ కంటే ముందుది. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఆలన్ కే 1972లో డైనాబుక్ అనే యంత్రాన్ని కాగితం మీద వర్ణించాడు. పిల్లలు నోటుపుస్తకంలా చంకన పెట్టుకుని తిరగాలి, రెండు కిలోలకు మించకూడదు, 500 డాలర్లలో రావాలి. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే గదినిండా ఉండే సరంజామా. పిల్లల చేతిలో పెట్టాలని ఒకాయన అప్పుడే తలచాడంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఇవాళ మనం వాడే ఆకారం, అంటే తెరను మూతలా మడిచే పద్ధతి, 1982లో గ్రిడ్ కంపాస్‌తో వచ్చింది. బిల్ మాగ్రిడ్జ్ దాని రూపశిల్పి. మెగ్నీషియం ఒళ్లు, ధర 8,150 డాలర్లు. నాసా దాన్ని అంతరిక్ష నౌకలో తీసుకెళ్లింది. మామూలు మనిషికి అది అందని మాట.

మామూలు మనిషికి అందినది 1983లో వచ్చింది. టాండీ కంపెనీ తన రేడియో షాక్ దుకాణాల్లో అమ్మిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100. జపాన్‌లోని క్యోసెరా తయారీ. కిలోన్నర లోపు బరువు, 1,099 డాలర్లు. మడత లేదు, డిస్కు లేదు, రంగులు లేవు. తెర మీద పట్టేవి ఎనిమిది వరుసలు, వరుసకు నలభై అక్షరాలు. కానీ కీబోర్డు మాత్రం నిండుగా, వేళ్లకు హాయిగా ఉండేది. టార్చిలైటులో వేసేలాంటి పెన్సిల్ సెల్స్ నాలుగు వేస్తే సుమారు 20 గంటలు నడిచేది. మీట నొక్కగానే తెరుచుకునేది. లోపలే మోడెం ఉండటంతో విలేకరులు ఊరూరా తిరిగి వార్త టైపు చేసి ఫోన్ తీగ మీద కార్యాలయానికి పంపేవారు. అందులోని ప్రోగ్రాములో చాలా భాగం బిల్ గేట్స్ స్వయంగా రాశాడు. తాను పెద్దయెత్తున కోడ్ రాసిన ఆఖరి ఉత్పత్తి అదేనని ఆయనే చెప్పుకున్నాడు. దేన్ని వదలాలో, దేన్ని వదలకూడదో ఇంత చక్కగా తెలిసిన యంత్రం మళ్లీ చాలాకాలం రాలేదని నా అభిప్రాయం.

తరువాతి ఇరవై ఏళ్లు ల్యాప్‌టాప్ మెరుగుపడింది గానీ తేలికైనది చవక కాలేదు. 1985లో తోషిబా టీ1100 నాలుగు కిలోల బరువుతో ఐబీఎం ప్రోగ్రాములను నడిపింది. 1991లో ఆపిల్ పవర్‌బుక్ కీబోర్డును వెనక్కి జరిపి మణికట్టుకు చోటిచ్చింది. ఆ ఏడే సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. బరువు దిగడానికి అసలు దారి వేసింది అదే. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ రంగుల తెరతో 4,350 డాలర్లకు వచ్చింది. మంచి తెర దొరకాలంటే అప్పట్లో ఆ ఖరీదు పెట్టాల్సిందే. చిన్నగా, తేలిగ్గా చేసే కొద్దీ ధర పెరిగేది. తేలికదనం పెద్ద అధికారుల సొత్తు అయిపోయింది.

ఆ లెక్కను తిరగరాసింది పిల్లల కోసం జరిగిన ప్రయత్నమే. 2005లో ఎంఐటీ ఆచార్యుడు నికొలస్ నెగ్రోపాంటే ‘పిల్లవాడికొక ల్యాప్‌టాప్’ నినాదంతో వంద డాలర్ల యంత్రం తెస్తానన్నాడు. ఎక్స్‌ఓ పేరుతో 2007లో తయారైన ఆ యంత్రం ధర వంద దగ్గర ఆగక రెండు వందల డాలర్ల దాకా వెళ్లింది. మేరీ లూ జెప్సెన్ దానికి ఎర్రటెండలో సైతం చదవగలిగే తెరను రూపొందించింది. ఉరుగ్వే తన ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ ఇచ్చింది. మన కేంద్ర విద్యాశాఖ 2006లోనే వద్దంది. మహారాష్ట్రలోని ఖైరాట్ అనే చిన్న ఊరి బడిలో మాత్రం ప్రయోగం జరిగింది.

ఆ సందడిని గమనించిన తైవాన్ కంపెనీ ఆసుస్ 2007 చివర్లో ఈ-పీసీ 701ను దింపింది. ఏడంగుళాల తెర, 920 గ్రాములు. హార్డ్‌డిస్కు బదులు నాలుగు గిగాబైట్ల ఫ్లాష్, విండోస్ బదులు లినక్స్. అప్పటిదాకా తేలిక మిషన్ అంటే లక్ష రూపాయల మాట. ఇది దాంట్లో ఐదో వంతుకే వచ్చింది. 2008లో ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ రాగానే దాదాపు ప్రతి కంపెనీ నెట్‌బుక్ పేరుతో ఇలాంటి చిన్న మిషన్ చేసింది. జనం విండోసే కావాలన్నారు. మైక్రోసాఫ్ట్ పాత ఎక్స్‌పీని వీటికోసం బతికించి ఉంచింది.

నేనూ 2009లో పదంగుళాల నెట్‌బుక్ ఒకటి కొన్నాను. రైల్లో ఒళ్లో పెట్టుకుని రాయవచ్చన్న సంబరం కొన్నాళ్లే నిలిచింది. తెర ఎత్తు 600 చుక్కలు. తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన తలకట్టో గుడో. ఇవన్నీ కనబడాలంటే వరుసకు ఎత్తు కావాలి. మెనూలు పోగా పట్టుమని పది వరుసలు కనిపించేవి కావు. కుదించిన కీల మీద నా వేళ్లు ఒకదానికి బదులు రెండు నొక్కేవి. 2010లో ఐప్యాడ్ రాగానే నెట్‌బుక్‌ల వెలుగు తగ్గిపోయింది. కంటికీ చేతికీ ఇరుకైన వస్తువును జనం ఎన్నాళ్లో మోయలేదు.

మన దగ్గర కథ మరింత బాధపెడుతుంది. బెంగళూరు శాస్త్రవేత్తలు చేసిన సింప్యూటర్ అరచేతిలో ఇమిడి, భారతీయ భాషలు చదివి వినిపించింది. 2004లో అంగడికెక్కినా నిలదొక్కుకోలేదు. 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో కేంద్ర మానవ వనరుల శాఖ పది డాలర్ల ల్యాప్‌టాప్‌ను చూపిస్తుందని దేశమంతా ప్రచారమైంది. కొండంత ఆశతో చూసినవారికి కనిపించింది ల్యాప్‌టాప్ కాదు, పాఠాలు దాచుకునే ఒక చిన్న పరికరం. 2011 అక్టోబర్ 5న ఆకాశ్ అనే ట్యాబ్ వచ్చింది. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు, బిగించింది మన హైదరాబాద్‌లో. కానీ గట్టిగా నొక్కితే గానీ స్పందించని తెర, నీరసమైన ప్రాసెసర్. కీబోర్డు అసలే లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో తమిళనాడు పిల్లలకు ఉచితంగా ఇవ్వసాగినవి మాత్రం నిజమైన ల్యాప్‌టాప్‌లు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. పాఠం చూడ్డానికి ట్యాబ్ చాలు. వ్యాసం రాయాలన్నా ప్రోగ్రాం రాయాలన్నా కీబోర్డు కావాలి. ఇచ్చే ప్రభుత్వాలు ఈ తేడాను పట్టించుకోవాలి.

2011లో వచ్చిన క్రోమ్‌బుక్ పనంతా ఇంటర్నెట్ మీదికి నెట్టి ధర తగ్గించింది. అమెరికా బడుల్లో అది పాతుకుపోయింది. నెట్ నిలకడగా లేని ఊళ్లో దానితో తిప్పలే. ఆ తరువాత ఇఎంఎంసీ అనే చవక రకం నిల్వ 32 గిగాబైట్లతో విండోస్ మిషన్లు వచ్చాయి. ఒక పెద్ద అప్‌డేట్ రాగానే చోటు చాలక చతికిలబడేవి. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఎన్నో ఇళ్లలో ఇలాంటివే కొన్నారు.

ఇప్పుడు కిలోన్నర లోపు పద్నాలుగంగుళాల ల్యాప్‌టాప్ మధ్యతరగతికి అందుతోంది. ఇక్కడా తీసివేతలు ఉన్నాయి, కానీ కంటికి కనిపించవు. ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. రేపు పెంచుకుందామంటే వీల్లేదు. అందుకే సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో కార్పొరేట్ కంపెనీలు వదిలేసిన పాత థింక్‌ప్యాడ్‌ల బేరం నాకు తెలివితక్కువ పనిగా అనిపించదు. వాటిలో చాలావాటికి ర్యామ్ మార్చవచ్చు, బ్యాటరీ కొత్తది వేయవచ్చు, కీబోర్డు గట్టిది.

ఈ ఏడు కాలేజీలో చేరే పిల్లల కోసం కొనబోతున్నవారికి నా విన్నపం ఇది. ఎనిమిది గిగాబైట్లకు తక్కువ ర్యామ్ తీసుకోకండి. నిల్వ ఇఎంఎంసీనా, ఎస్‌ఎస్‌డీనా అని అడగండి. ర్యామ్ పెంచే వీలుందా అని షాపువాడి చేత బిల్లు రాయకముందే చెప్పించుకోండి. ఆన్‌లైన్‌లోనే కొన్నా, ఒకసారి దుకాణానికి వెళ్లి ఆ మోడల్‌ను చేత్తో పట్టుకుని చూడండి. వాడేది పిల్లలే కాబట్టి వాళ్లనే వెంట తీసుకెళ్లి, ఆ కీబోర్డు మీద ఒక పేజీ తెలుగు టైపు చేయించండి.