ఏటైందమ్మా?

రోలుగుంటలో చీకటి పడింది. పొద్దుటి నుంచీ చెరుకు తోటలో జడచుట్టు పని చేసొచ్చారు మీరు. ఆకు కోసిన గీతల మీద నీళ్లు పడితే చేతులు చురుక్కుమంటున్నాయి. పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. ఇంటాయన అచ్యుతాపురంలో కంపెనీ పనికి పోయి అక్కడే ఉంటాడు, వారానికోసారి వస్తాడు. పదో తరగతి చదివే కూతురు చాప మీద కూర్చుని మీ ఫోన్ చూస్తోంది.

బడివాళ్లిచ్చిన ట్యాబు గూట్లో ఉంది. 2023 డిసెంబరు 21న, ఘాట్ ఎక్కితే వచ్చే చింతపల్లిలోనే, అప్పటి ముఖ్యమంత్రి ఎనిమిదో తరగతి పిల్లలకు పంచడం మొదలుపెట్టిన ట్యాబుల్లో అదొకటి. పాఠాలు తప్ప ఇంకేమీ రాకుండా దానికి తాళం వేసి ఇచ్చారు. ఆ తాళాన్ని కొందరు పిల్లలు తీయించేసుకున్నారని అప్పట్లోనే పత్రికల్లో వచ్చింది. మీ ఫోనుకు ఆ తాళమైనా లేదు. ఉన్న ఒక్క ప్యాటర్నూ పెట్టింది మీ అమ్మాయే.

ఫోన్ టింగుమంది. పిల్ల చటుక్కున దాన్ని చాప మీద బోర్లించింది. ముఖం పాలిపోయింది.

"ఏటే ఆ సూపులు? ఇలా ఇయ్ ఫోను!" అన్న కేక మీ గొంతు దాకా వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపండి. పొయ్యి తగ్గించి, వచ్చి పక్కన కూర్చోండి.

"ఏటైందమ్మా?"

చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన మొదటి మాట, "నానతో సెప్పకమ్మా, ఫోన్ లాగేసుకుంటాడు."

బెదిరింపు సంగతి ఆ తర్వాతే బయటపడింది. ఇన్‌స్టాగ్రామ్‌లో వైజాగ్ 'అప్ప' ఒకామె పరిచయమైందట. తనదీ పదో తరగతేనంది, లెక్కలంటే తనకీ భయమేనంది, ఒక ఫొటో అడిగింది. ఇప్పుడేమో ఐదు వేలు పంపకపోతే ఆ ఫొటోకి బట్టల్లేకుండా చేసి క్లాసు గ్రూపులో పెడతానంటోంది. ఆ 'అప్ప' నిజంగా ఆడపిల్లో, ఎక్కడో కూర్చున్న మగాడో ఎవరికి తెలుసు?

మీ చేతులు వణుకుతున్నాయి. డబ్బు పంపకండి. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. భయపడి మెసేజులు చెరిపేయకండి, అవే సాక్ష్యం. పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని, అప్పుడు బ్లాక్ చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అంత మేరకు ఆపగలుగుతారు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో పిల్లల మీద జరిగే ఇలాంటి అసభ్య నేరాల గురించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వచ్చు.

"పోలీసులా? ఊరంతా తెలిసిపోద్ది" అని మీ గుండె గుబగుబలాడుతోంది. ఆడపిల్లల తల్లులు ఇక్కడే ఆగిపోతారు, బెదిరించేవాడికి కావలసిందీ అదే. కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకూ ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి పత్రికల్లో రాకూడదు. లైంగిక ఉద్దేశంతో అసభ్య చిత్రం పెడతానని పిల్లను బెదిరిస్తే, అది మార్ఫింగ్ చేసిందైనా సరే, ఈ చట్టం కింద నేరమే.

చిన్నపిల్లలున్న ఇంట్లో గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోవచ్చు, ఏ యాప్ ఎంతసేపు వాడారో తెలుస్తుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలే వద్దంది. మంచిదే. కానీ పదిహేనేళ్ల పిల్ల స్నేహితురాలి ఫోన్‌లోనైనా ఖాతా తెరవగలదు. అక్కడ ఆమెకు ఆపద వస్తే మీకు తెలిసే దారి ఒక్కటే, ఆమె నోరు విప్పడం.

అచ్యుతాపురం నుంచి ఫోన్. పిల్ల బిగుసుకుపోయింది. "నువ్వు భయపడకు, నే సెప్తాను" అని మీరే తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. అవతల కాసేపు మౌనం. తర్వాత, "పిల్ల అన్నం తిందా? తినమను. ఫోనెవరూ తీసుకోరని సెప్పు. పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను."

అందరి ఇళ్లలోనూ ఆ మాట ఆపద వచ్చాకే అనాలని లేదు. ఏం జరిగినా కొట్టను, తిట్టను, ఫోన్ లాక్కోను, ముందు నాకు చెప్పు అని మీ పిల్లలతో ఈ రాత్రే అనండి.