పాఠశాల నర్సు పుట్టుక – కార్మికవాడల తల్లులు

తెలుగు వాచకాల్లో నర్సు అనగానే దీపం చేతబట్టిన ఫ్లారెన్స్ నైటింగేల్ బొమ్మ కనిపిస్తుంది. యుద్ధంలో గాయపడినవారి మధ్య తిరిగే కరుణామూర్తి ఆమె. బడిపిల్లల తలల్లో పేలు చూచి, గజ్జిపుండ్లు కడిగి, ఆపైన ఇరుకు మెట్లెక్కి వాళ్ల తల్లులతో మాట్లాడిన నర్సు మాత్రం ఏ వాచకానికీ ఎక్కలేదు. ఎక్కకపోవడానికి కారణం లేకపోలేదు. ఈమె చరిత్రలో కరుణ కంటె రాజకీయం పాలు ఎక్కువ.

విద్యాహక్కును గూర్చి మాట్లాడేటప్పుడు పిల్లవాణ్ణి బడిలో చేర్చుకోవడంతో పని తీరినట్లు మనం భావిస్తూ వుంటాం. చేర్చుకున్న బడే ఆరోగ్యం పేరిట వాణ్ణి బయటికి నెట్టగలదని న్యూయార్క్ చరిత్ర చెబుతుంది.

1897లో ఆ నగర ఆరోగ్యశాఖ బడుల్లో వైద్య తనిఖీలు మొదలుపెట్టింది. డాక్టరు వస్తాడు, పిల్లలను వరుసగా నిలబెట్టి చూస్తాడు, అంటువ్యాధి కనబడినవాణ్ణి ఇంటికి పంపమంటాడు. అంతటితో ఆయన పని సరి. తామర, గజ్జి, తలపేలు, కనురెప్పల లోపల గరుకులు లేచే ట్రకోమా — ఇవీ ఆ వ్యాధులు. ఒక్కగదిలో అయిదారుగురు పడుకునే కార్మికవాడల్లో ఇవి లేని ఇల్లు వుంటే గదా ఆశ్చర్యం! 1902 సెప్టెంబరు నెలలో ఈ విధంగా బడినుండి పంపివేసిన సందర్భాలు 10,567. పంపివేయబడిన పిల్లవాడు ఏం చేసేవాడు? బడి వదిలేదాకా వీధిలో కాచుకుని వుండి, వదిలాక తన తరగతి పిల్లలతోనే ఆడుకునేవాడు. జబ్బు ఎక్కడికీ పోలేదు, చదువు మాత్రం పోయింది.

ఈ వాడలు లోయర్ ఈస్ట్ సైడ్‌లోనివి. తూర్పు యూరప్ నుండి వచ్చిన యూదులు, ఇటలీ నుండి వచ్చిన బీద రైతుకూలీలు అక్కడి దర్జీపని మీద బతికేవారు. 1893లో అక్కడ కాపురం పెట్టి, తరువాత హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అని పేరుపొందిన సంస్థను నిర్మించిన నర్సు లిలియన్ వాల్డ్. లూయీ అనే పన్నెండేళ్ల పిల్లవాణ్ణి గురించి ఆమె తన పుస్తకంలో వ్రాసింది. తలమీది పుండ్ల కారణంగా ఎప్పుడు బడికి పోయినా వాణ్ణి ఇంటికి పొమ్మన్నారు. పన్నెండేళ్లు వచ్చేదాకా వాడు చదువుకు నోచుకోలేదు. ధర్మాసుపత్రివారు ఇచ్చిన మలామునే సరిగా, క్రమం తప్పకుండా రాస్తే ఆ పుండ్లు మానిపోయినాయి. మందు వుంది, డాక్టరు వున్నాడు, బడి వుంది. ఈ మూడింటికీ నడుమ నిలిచి, ఇంటిదాకా నడిచే మనిషి లేదు. ఆమె కనిపెట్టిన విషయం ఇంతే.

నగరాధికారులతో వాల్డ్ కుదుర్చుకున్న ఒప్పందం నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోస్తుంది. ప్రయోగం కోసం తన సంస్థ నుండి ఒక నర్సును పంపుతుంది. అయితే ప్రయోగం ఫలిస్తే, డాక్టరు జీతం మాదిరిగానే నర్సు జీతం కూడా ప్రజాధనం నుండి ఇప్పించడానికి పాటుపడతామని అధికారుల దగ్గర ముందుగానే మాట తీసుకుంది. దాతల దయమీద నడిచే సేవ దాతల దయ వున్నంత కాలమే నడుస్తుందని ఆమెకు తెలుసు. ఈనాడు స్వచ్ఛంద సంస్థల వైద్యశిబిరాలను ఫొటోలు తీసి మురిసిపోయే ప్రభుత్వాలకు ఈ మాట రుచించదు.

1902 అక్టోబరు 1న లీనా రోజర్స్ అనే నర్సు నాలుగు బడుల్లో పని ప్రారంభించింది. గడువు ఒక నెల. కెనడాలో పుట్టిన యువతి ఆమె. చిన్న చిన్న పుండ్లు బడిలోనే కడిగి కట్టు కట్టేది, పిల్లవాణ్ణి మళ్లీ తరగతికి పంపేది. మానవలసిన జబ్బయితే ఇంటికి వెళ్లేది. తలపేలకు ఆనాడు తల్లులకు నేర్పిన చికిత్స ఇది: కిరసనాయిలు, తినే నూనె సమపాళ్లలో కలిపి తలకు పట్టించాలి, మరునాడు కడగాలి, ఈపులు వదలడానికి వేడి వెనిగర్ వాడాలి. నేడు ఏ డాక్టరూ కిరసనాయిలు వాడమనడు. ఆ సంగతి అటుంచండి. ఇక్కడ గమనించవలసింది, ‘మీ బిడ్డ తలలో పేలున్నవి, బడికి పంపవద్దు’ అనే చీటీకీ, ఎదుట కూర్చుని నూనె కలిపి చూపించే చేతికీ వున్న తేడా. మొదటిది ఆజ్ఞ, రెండవది జ్ఞానం. పొద్దుగూకేదాకా కుట్టుపనిలో వంగివుండే తల్లికి ఆజ్ఞ అవమానంగానే తగులుతుంది.

గడువు తీరాక నగరం తన ఖర్చుతో నర్సులను నియమించసాగింది. 1903 సెప్టెంబరులో పంపివేతలు 1,101కి దిగిపోయినాయి. ఏడాదిలో ఇళ్లు మారలేదు, కూలీరేట్లు పెరగలేదు. అందుచేత ఈ అంకెలను బీదరికం మీద గెలుపుగా చూపడం అసత్యమవుతుంది. బడి తలుపు తెరుచుకున్నది, అంతవరకే.

నర్సును దేవతగా చేయడమూ పొరపాటే. ఆమె బీదల ఇంటికి వచ్చిన స్నేహితురాలే గాని, రాజ్యం తరపున ఇల్లు తనిఖీ చేసే కన్ను కూడా ఆమెదే. వంట ఎట్లా వండాలో, పిల్లలను ఎట్లా పడుకోబెట్టాలో చెబుతూ, వలస వచ్చినవారిని ‘మంచి అమెరికన్లు’గా తీర్చే బాధ్యత కూడా ఆమె సంచిలో వుంది. తల్లులకు ఇది తెలియదనుకోరాదు.

1906 జూన్ 27న జరిగినది చూడండి. అప్పటికి నాలుగేళ్లుగా నర్సులు ఇళ్లకు తిరుగుతూనే వున్నారు. అంతకు కొద్దిరోజుల ముందు డాక్టర్లు బడిలోనే కొందరు పిల్లలకు ముక్కు వెనుక పెరిగే కండ, ఎడినాయిడ్లు అంటారే, అవి కోసి తీశారు. తల్లిదండ్రులను ఆసుపత్రుల చుట్టూ తిప్పకుండా ఖర్చు తగ్గించాలన్నదే వారి ఉద్దేశం. పిల్లలు నోట రక్తంతో ఇళ్లకు చేరారు. ‘బడిలో పిల్లల గొంతులు కోస్తున్నారు’ అనే వదంతి వాడంతా పాకింది. వేలాది తల్లులు బడులను చుట్టుముట్టి, కిటికీలు పగులగొట్టి, పిల్లలను వదిలేదాకా కదలలేదు. పత్రికలు దీనిని అజ్ఞానుల అల్లరిగా వర్ణించాయి. కాని ఆ నెల మధ్యలోనే రష్యా సామ్రాజ్యంలోని బియలిస్తోక్‌లో యూదుల ఊచకోత జరిగిందనీ, ఈ తల్లుల చుట్టాలు, ఊరివారు అటువంటి చోట్లే వున్నారనీ ఎందుకు తలచుకోలేదు? అధికారం చేతిలో కత్తి చూస్తే భయపడడం వాళ్లకు చరిత్ర నేర్పిన పాఠం. పైగా వారిలో ఎందరికో ఇంగ్లీషు చదవడం రాదు. చీటీ పంపినంత మాత్రాన చెప్పినట్లు కాదు గదా!

ఇంగ్లండులో కథ మరొక తీరుగా నడిచింది. బోయర్ యుద్ధానికి సైనికులను చేర్చుకోబోతే కార్మికవాడల యువకులలో అనేకులు దేహదార్ఢ్యం లేక తిరస్కరింపబడ్డారు. సామ్రాజ్యానికి బిడ్డల ఆకలి అప్పుడు గుర్తుకు వచ్చింది. 1904లో శారీరక క్షీణతపై విచారణ సంఘం నివేదిక, 1906లో బడి భోజనాలకు చట్టం, 1907లో వైద్యపరీక్షకు చట్టం వరుసగా వెలువడినాయి. అయితే 1907 చట్టం తనిఖీని విధిగా చేసి, చికిత్సను స్థానిక సంస్థల ఇష్టానికి వదిలింది. చికిత్స విధి కావడానికి 1918 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. ఆ నడుమ ఇండిపెండెంట్ లేబర్ పార్టీకి చెందిన మార్గరెట్ మెక్‌మిలన్ వంటి సోషలిస్టులు ఊరుకోలేదు. 1897లోనే బ్రాడ్‌ఫర్డ్ బడిలో స్నానశాలలు కట్టించడానికి పోరాడిన ఆమె, 1910లో లండన్‌లోని డెట్‌ఫర్డ్ కార్మికవాడలో పిల్లల చికిత్సాలయం నెలకొల్పింది. జబ్బు పేరు చెప్పి చేతులు దులుపుకొనే ప్రభుత్వానికి ఆమె ఇచ్చిన జవాబు అది.

మన దేశంలో 1909లో బరోడాలో బడిపిల్లల వైద్యపరీక్ష మొదలైంది. బడి ఆరోగ్యసేవలు దాదాపు లేనట్లేనని 1946లో భోర్ కమిటీ వ్రాసింది. 1960లో రేణుకా రాయ్ అధ్యక్షతన మరొక సంఘం ఏర్పడి మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏ.ఎన్.ఎం. లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు గల సంచార బృందం ప్రభుత్వ బడికి ఏటా ఒకసారి రావాలి. లోపం కనబడితే పై ఆసుపత్రికి వ్రాసి పంపాలి. కాగితం మీద చికిత్స కూడా ఉచితమే.

మిగతా సంవత్సరమంతా ఆ బడిలో నర్సు వుండాలన్న నియమం ఈ పథకంలో లేదు. చూపు మందగించిన పిల్లవాడు రెండవ వరుసలోకి మారి కూర్చుంటాడు. చీటీ పుస్తకాల సంచిలో నలుగుతుంది. జిల్లా కేంద్రానికి బిడ్డను తీసుకుపోవాలంటే తల్లి ఒకరోజు కూలి వదులుకోవాలి, బస్సు ఛార్జీ వెతుక్కోవాలి, అక్కడ ఎవరిని అడగాలో తెలుసుకోవాలి. తల్లిదండ్రుల సమావేశంలో మనం మార్కుల పట్టిక చూపిస్తాం. ఆ చీటీ ఏమైందని ఉపాధ్యాయ సంఘాలు తమ కోర్కెల పత్రంలో అడగవచ్చు. దాని వెంట ఇంటిదాకా నడిచే మనిషికి జీతం ఎవరిస్తారన్నది 1902లో లిలియన్ వాల్డ్ అధికారుల ముందు పెట్టిన ప్రశ్నే.