సాధకునకు సాయము

రాజమహేంద్రవరము రాజాశ్రయమునకు పేరుగన్న పట్టణము. రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు మహాభారతమును తెనిగింప బూనెను. ఇంచుమించు నాలుగువందల యేండ్ల తరువాత రెడ్డిరాజుల కాలమున శ్రీనాథుడు తన కాశీఖండమును వీరభద్రారెడ్డికి అంకితము గావించెను. ఈ కథలను మేము తరగతిలో చెప్పునపుడెల్ల పిల్లల ముఖములు వికసించును. కాని ఆ యాశ్రయము ఎట్టివారికి లభించెనో మనము విచారించుట తక్కువ. నన్నయ అప్పటికే రాజునకు కులబ్రాహ్మణుడు, సర్వజనమాన్యుడైన విద్వాంసుడు. శ్రీనాథుడు ఈ గోదావరి గట్టున అడుగిడునాటికే దేశమంతట పేరుమోసినవాడు. సిద్ధుడైన వానిని సత్కరించుటకు రాజులు పెక్కురు ముందుకు వచ్చిరి. ఇంకను సాధకుడుగా నున్నవాని మాట ఎవరికి పట్టినది?

చిత్రకళ విషయమున ఈ ప్రశ్నకు ఈ పట్టణముననే ఒక యుత్తరము కలదు. ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు 1909 మొదలు 1919 వరకు ఇచ్చటి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. 1897లో ఈ పట్టణముననే జన్మించిన దామెర్ల రామారావు అను బాలుని చేతిపని ఆయన కంటబడెను. ఆ బాలునకు నాటికి బిరుదు లేదు, బహుమానము లేదు; కాగితముమీది గీతలు మాత్రమే కలవు. కూల్డ్రే ఆ గీతలను చూచి, వానికి కుంచె పట్టు విధమును నేర్పి, 1916లో తన సొంత ధనముతో బొంబాయిలోని జె.జె. కళాశాలకు పంపెను. ఆ సొమ్ము రామారావు చేసిన పనికి వెల కాదు. చేయబోవు పనికి కావలసిన తీరిక.

ఆ తీరిక ఫలించిన తీరు చదువరులకు తెలియనిది కాదు. చదువు ముగించి తిరిగివచ్చిన రామారావు రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, తనకు లభించిన విద్యను ఇతరులకు పంచబూనెను. ఋష్యశృంగుని కథను చిత్రించిన ఆతని పటమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమానము లభించెను. 1924లో లండను చెంత వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనమునకు ఆతని చిత్రములు వెళ్లెను. 1925 ఫిబ్రవరిలో మశూచికము ఆతనిని కబళించునాటికి ఆతనికి ఇరువదియెనిమిదేండ్లయినను నిండలేదు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ కళాశాలను ఆరిపోనీయక కాపాడిరి. నేడు రాజమహేంద్రవరమున ఆతని పేర చిత్రశాల యున్నదనగా, అందులకు మూలము ఒక యుపాధ్యాయుడు సకాలమున విప్పిన ధనపు సంచి.

ఐతే ఈ కథయందు మనలను కలవరపెట్టు అంశ మొకటి కలదు. కూల్డ్రే ఆ కాలమున మరియొక యూరికి బదిలీయై యుండినచో? ఆ గీతలు ఆయన కంటబడకయే పోయినచో? ఒక దాత కంటికి ఆనినవానికే దక్కు సాయము ఎంత గొప్పదైనను అదృష్టమే యగును గాని ధర్మము కానేరదు. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ గారలును చిత్రలేఖనమున నిపుణులే. వారికి ఆ విద్య అబ్బుటకు ఇంటిలో రామారావు ఉండుట కారణమయ్యెను. రామారావు లేని ఇండ్లలోని బాలికల మాటేమి? ఆ దినములలో ముగ్గుకర్రతో మొదలై ముగ్గుకర్రతోనే ముగిసిన ప్రతిభ ఎంత గలదో లెక్కించినవారు లేరు.

ఈ లోపము మన దేశమునకే పరిమితము కాదు. ఫ్రాన్సు దేశమున 1663లోనే యువచిత్రకారులకు పోటీ పెట్టి, గెలిచినవారిని రోము నగరమునకు పంపి, ప్రభుత్వ వ్యయముతో కొన్నేండ్లు పని నేర్పించు పద్ధతి యేర్పడెను. వ్యక్తి దయపై గాక నియమముపై నిలిచిన సాయ మది. కాని ఆ పోటీలోనికి స్త్రీలను రానిచ్చినది 1903లో. నియమము ఏర్పడినంతమాత్రమున తలుపు అందరికి తెరచుకొనదని దీనివలన తెలియుచున్నది.

స్వాతంత్ర్యానంతరము మన యువకులకును నియమబద్ధమైన సాయము అందసాగెను. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు 1962లో కామన్వెల్తు విద్యార్థివేతనముతో లండనులోని స్లేడు కళాశాలకు వెళ్లెను. మెదకు సీమలోని నిజాంపురమున జన్మించిన లక్ష్మాగౌడు 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విద్యార్థివేతనముతో బరోడాకు వెళ్లి, కుడ్యచిత్రములను, అచ్చు చిత్రములను అభ్యసించెను. కేంద్ర సాంస్కృతిక శాఖ పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్ల లోపు యువకళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లు విద్యార్థివేతన మిచ్చు పథకమును నెలకొల్పినది. ఇరువదియైదేండ్లు దాటి నలువదికి లోబడినవారికి నెలకు 10,000 రూపాయల ఫెలోషిప్పు వేరుగా కలదు. నిబంధనలు మారుచుండును గనుక దరఖాస్తు పెట్టువారు ఆయా యేటి ప్రకటనను తప్పక చూచుకొనవలెను.

ఇచ్చటనే మా వృత్తికి సంబంధించిన చిక్కు వచ్చుచున్నది. కూల్డ్రే బొమ్మను చూచెను. కార్యాలయము ముందుగా దరఖాస్తును చూచును. చక్కగా గీయగల చేయి చక్కగా వ్రాయగలదను నియమము లేదు. మా వద్దకు దిద్దించుకొనుటకు వచ్చు దరఖాస్తులలో పెక్కు “బాల్యమునుండియు నాకు కళయందు మిక్కిలి మక్కువ” అని ఆరంభమై, అచ్చముగా విన్నపముతో ముగియును. నడుమ తాను చేయదలచిన పని యెక్కడను కానరాదు. ఏ విషయమును చిత్రింపదలచితివి? ఎన్ని పటములు? ఎన్ని నెలలు? కాన్వాసునకు, రంగులకు, గది యద్దెకు, ప్రయాణమునకు ఎంత కావలెను? ఇంతకుముందు చేసిన పనిలో దీనికి ఆధారమగు పది చిత్రము లేవి? ఈ ప్రశ్నలకు తిన్నని మాటలలో సమాధానము వ్రాసినచో అదియే మంచి దరఖాస్తు. దైన్యమును వర్ణించు పేరాలను కొట్టివేయుడని మేము పిల్లలకు చెప్పుచుందుము. ప్రజల పన్నులనుండి వచ్చిన ధనమును పనికొరకు అడుగుట యాచన కాదు. పని చేసెదనని మాట యిచ్చుట.

ఐనను ఆ మాటను కాగితముపై పెట్టుటకు చదువుకొన్న యింటి పిల్లలకు గల యనుకూలత నేతపనివాని కుమార్తెకు, తోలుబొమ్మలాటవాని కుమారునకు లేదు. వారి చేతిలోని విద్య తక్కువది కాదు; ప్రకటన వెలువడినదను వార్తయే వారిదాక పోదు. పోయినను గడువు ముగిసిన పిమ్మట పోవును. నియమము తెరచిన తలుపును అజ్ఞానము ఈ రీతిగా మూయుచున్నది.

కావున ఈ పుటలను చదువు గృహస్థులకు మా మనవి యిది. కూల్డ్రేవలె బొంబాయి చదువునకు ధన మీయగలవారు మనలో కొలదిమంది. ఒక ప్రకటనను చదివి పొరుగింటి బాలికకు తెలుపుట, ఆమె చిత్రములను చక్కగా ఫోటో తీయించుట, ఒక సాయంకాలము కూర్చుండి దరఖాస్తును దిద్దిపెట్టుట మనకు చేతకాని పనులు కావు. తొలియేట తిరస్కారము వచ్చినచో ఇంటివారు “ఇక చాలించి ఏదేని ఉద్యోగము చూచుకొనుము” అనక మునుపే మరుసటి యేటి గడువును గుర్తుచేయువారు ఒక్కరైనను ఉండవలెను. రామారావునకు బొంబాయిలో దొరకినవి నాలుగేండ్లు. నేటి నియమము రెండేండ్ల నిచ్చుచున్నది. ఆ రెండేండ్లు అర్హులకు అందకపోవుటకు మన యుపేక్ష కారణము కాకుండ చూచుకొందము.