పెంటపాడు నుంచి ఏ షహర్‌కి? తఖ్తులు కదిలాయి, ఖాందాన్లు ఎక్కడ నిలిచాయి?



మొన్న ఈద్‌కి పెంటపాడు వెళ్లినప్పుడు, షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా తియ్యకముందే మా భాంజా ఒక సవాల్ వేశాడు. "మామూ, ఇల్లు చాలట్లేదు. రెండు గదులు, ముగ్గురు పిల్లలు, అమ్మీ, మేమిద్దరం. పెద్దది ఏడో క్లాసు. ఎటైనా షహర్‌కి మారిపోదామనుకుంటున్నాం. ఏలూరా, బెజవాడా, హైదరాబాదా? నువ్వు తారీఖ్ చదివినోడివి కదా, చెప్పు."

వాడిది ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పని. గిరాకీ అంతా తాడేపల్లిగూడెం చుట్టుపక్కలే. బహూ ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. చుట్టాలంతా తలోమాట చెప్పారు. ఎక్కువమంది అన్నది ఒక్కటే: "పోతే హైదరాబాదే పోవాలి, అక్కడైతే మనోళ్లు ఉన్నారు, రాజధాని కూడా."

రాజధాని అనే ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. తఖ్తు ఎక్కడుంటే బర్కత్ అక్కడే ఉంటుందని మన పెద్దల నుంచీ వస్తున్న నమ్మకం. మన నేల తారీఖ్ చూస్తే అది సగమే నిజం. ఇలాంటి మష్వరా మీ ఇంట్లో కూడా నడుస్తుండొచ్చు. అందుకే వాడికి చెప్పింది ఇక్కడ మీకూ రాస్తున్నాను.

ముందు పెంటపాడు సంగతే. ఈ డెల్టాలో ఇప్పుడున్న జనంలో చాలామంది ఏదో ఒక కాలంలో వచ్చి చేరినవాళ్లే. 1833 నాటి కరువు కాలంలో ఈ గోదావరి ప్రాంతం వదిలి జనం పారిపోయారు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821తో పోలిస్తే 1841 నాటికి బాగా పడిపోయింది. దర్యా పక్కనే పారుతోంది, పొలానికి మాత్రం నీళ్లు లేవు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట మొదలై 1852కి పూర్తయింది. కాలువలు వచ్చాయి. నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా గోదావరి నీళ్లు పారాయి. అటు బెజవాడ నుంచి కృష్ణా కాలువ వచ్చి ఏలూరులో కలిసింది. పడవల మీద బియ్యం, బెల్లం, మనుషులు అటూ ఇటూ తిరిగారు. పోయిన జనం వచ్చారు, కొత్తవాళ్లూ వచ్చారు. వాళ్లని పిలిచింది ఏ పాదుషా ఫర్మానూ కాదు, కాలువ నీళ్లు.

కాబట్టి మొదటి సవాల్ నీళ్లది.

హైదరాబాదు పుట్టింది కూడా ఈ సవాల్‌తోనే. గోల్కొండ కోట లోపల జనం కిక్కిరిసిపోయారు. నీళ్లకీ గాలికీ ఇబ్బంది. మన భాంజా ఇంటి కష్టమే, కాకపోతే సల్తనత్ సైజులో. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ దక్షిణ ఒడ్డున కొత్త షహర్ కట్టించాడు. నక్షా వెనక మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఉన్నాడు. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, మూసీ మీద పురానాపుల్ 1578లోనే తయారైంది. అంటే షహర్ కన్నా 13 ఏళ్ల ముందే దారి వచ్చింది. తర్వాత చార్మినార్, బజార్లు, 1595 నాటికి దారుష్షిఫా దవాఖానా. దారి, నీళ్లు, బజారు, దవాఖానా: పెరిగే ఖాందాన్ ఇవాళ వెతుక్కునే చీజులు కూడా ఇవే కదా!

అంత ఆలోచించి కట్టిన షహర్‌ని కూడా మూసీ వదల్లేదు. 1908 సెప్టెంబర్ 28న వరదొచ్చి వేలమందిని మింగేసింది. ఆ దెబ్బ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకున్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఇప్పుడు ఆ షహర్ మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లని దూరాల నుంచి పైపుల్లో తెచ్చుకుని తాగుతోంది. మన ఇంటి ముందు కాలువలో పారే గోదావరి అక్కడ నల్లాలో వస్తుంది.

బెజవాడ అంటే? 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ బుడమేరు చివరికి చేరేది మన కొల్లేరుకే. ఏలూరూ అమాయకమేం కాదు. ఊరి మధ్య నుంచి పోయే తమ్మిలేరు కూడా కొల్లేరులోకే. 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. రక్తం పరీక్షల్లో సీసం, నికెల్ కనపడ్డాయి. అందుకే "ఏ షహర్?" అన్నాక అక్కడితో ఆగకూడదు, "ఏ మొహల్లా?" అని కూడా అడగాలి. వానాకాలంలో ఒకసారి పోయి, పక్కింటివాళ్లని "పోయినసారి నీళ్లు ఎంతదాకా వచ్చాయి?" అని అడగాలి. బ్రోకర్ చెప్పనిది గోడ మీద మరక చెబుతుంది.

రెండో సవాల్ రోజీది. ఇక్కడే తఖ్తు మాయ ఎక్కువ.

మన దగ్గరి ఉదాహరణ బందరు, అదే మచిలీపట్నం. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ సల్తనత్‌కి అదే పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కొఠీలు తెరిచారు. ఇరాన్ తాజిర్లు వచ్చారు. ఆ రోజుల్లో ఎవరైనా "ఏ షహర్‌కి పోదాం?" అంటే బందరు అనే చెప్పి ఉంటారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. రేవు మెల్లగా తగ్గింది. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన వచ్చింది, సుమారు 30 వేలమంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి బందరు మళ్లీ పాతలా లేవలేదు. అయితే రేవుతో పాటు హునర్ మునిగిపోలేదు. కలంకారీ అచ్చులు పక్కనున్న పెడనలో ఇప్పటికీ బట్ట మీద పడుతూనే ఉన్నాయి.

ఏలూరు కథ కూడా అలాంటిదే. 1753లో సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి ఫౌజు ఖర్చు కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లని వాళ్లకి రాసిచ్చాడు. 1759లో ఇంగ్లీషు ఫౌజు బందరు పట్టుకుంది. 1766 ఒప్పందంతో ఈ సర్కార్లు కంపెనీకి పోయాయి. పదమూడేళ్లలో ఏలూరు ముగ్గురు మాలికుల్ని చూసింది! దర్బారుని నమ్ముకున్నవాళ్ల గతి ఏమయి ఉంటుందో ఊహించండి. ఉన్ని కాలీన్లు నేసే మన ముస్లిం ఖాందాన్లు మాత్రం నిలిచాయి. ఇరానీ పనితనం వాళ్ల వేళ్లలో ఉంది. మాలిక్ మారినా కాలీన్ కొనేవాడు వస్తూనే ఉన్నాడు. ఆ పని ఇప్పుడు బాగా తగ్గిపోయింది, అదీ నిజమే. అయినా దర్బారు కన్నా చాలా కాలం అన్నం పెట్టింది.

ఇక మన కళ్ల ముందటి తారీఖ్. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని కర్నూలు. దఫ్తర్లు డేరాల్లో నడిచాయి. మూడేళ్లకే, 1956 నవంబర్ 1న, రాజధాని హైదరాబాదు అయ్యింది. ఉద్యోగులు సామాన్లు సర్దుకుని పోయారు. అరవై ఏళ్ల తర్వాత, 2016లో, సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి వచ్చింది. ఈసారి ఉద్యోగులు వచ్చారు గానీ చాలా ఇళ్లల్లో బీవీ బచ్చే హైదరాబాదులోనే ఉండిపోయారు. ఉద్యోగులకి వారానికి అయిదు రోజుల పని పెట్టారు, లింగంపల్లి నుంచి బెజవాడ వైపు ప్రత్యేకంగా రైలు వేశారు. ఎందుకంటే దఫ్తర్ని లారీలో తేవచ్చు. పిల్లల స్కూలు, ముసలి అబ్బాజాన్ డాక్టరు, ఇరవై ఏళ్ల పొరుగు, ఇవి లారీ ఎక్కవు.

కాబట్టి రాజధాని అని చూసి పోవద్దు. మన చేతి పనికి అక్కడ గిరాకీ ఉందా, అది ఎన్నాళ్లలో కుదురుతుంది, ఈలోపు కిరాయి ఎవరు కడతారు అని చూడాలి. ఏసీ బాగుచేసేవాడికి పని ఎక్కడైనా ఉంటుంది. ఫోన్ చేసి "భాయ్, నువ్వే రావాలి" అనే ఇళ్లు మాత్రం పదేళ్ల కమాయి. హైదరాబాదు పోతే అది సున్నా నుంచి మొదలవుతుంది.

మూడో సవాల్ చాలామంది అడగనిది: ఆ షహర్ మనల్ని ఎప్పుడు తనవాళ్లని లెక్కేస్తుంది?

దీనికి మన జబాన్‌లోనే ఒక మాట ఉంది, ముల్కీ. 1919లో నిజాం ఫర్మాన్ ఏమందంటే, హైదరాబాదు రియాసత్‌లో సర్కారీ నౌకరీ ముల్కీలకే. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏళ్లు అక్కడే ఉండాలి, పాత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన వదిలేశానని హలఫ్‌నామా కూడా ఇవ్వాలి. లక్నో, అలీగఢ్‌ల నుంచి వచ్చిన ఉర్దూ మాట్లాడే ముసల్మానులు కూడా అక్కడ ఘైర్ ముల్కీలే అయ్యారు. "అక్కడ మనోళ్లు ఉన్నారు" అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. దీన్ ఒకటైనా, జబాన్ ఒకటైనా, లెక్క వేరే.

1956 తర్వాత ఈ ముల్కీ గొడవే 1969లో తెలంగాణ ఉద్యమమైంది, 1972లో జై ఆంధ్ర అయింది. 1973లో ఆరు సూత్రాలు, రాజ్యాంగంలో 371-డి, దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ముల్కీ అనే మాట పోయి లోకల్ అనే మాట వచ్చింది. కాలేజీ సీట్లకి స్థూలంగా లెక్క ఇది: ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు అన్నీ ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలోవే. పెంటపాడు నుంచి ఏలూరుకి మారినా, బెజవాడకి మారినా పిల్లకి ఏ ఫరక్ లేదు. హైదరాబాదు పోతే ఉస్మానియా ఏరియా, రాష్ట్రమే వేరు. పోవాలనుకుంటే పిల్ల తొమ్మిదో క్లాసుకి ముందే పోవాలి, లేదంటే ఇంటర్ అయ్యాక పోవాలి. మధ్యలో పదో క్లాసప్పుడు లేపుకుపోతే ఇక్కడి లెక్కా చెడుతుంది, అక్కడిదీ కుదరదు. ఇల్లు మారే తారీఖుని కిరాయి చూసి కాదు, పిల్ల క్లాసు చూసి ఖరారు చేసుకోవాలి. బయలుదేరేముందు ఆ ఏడాది నిబంధన ఏముందో కాలేజీలో ఒకసారి కనుక్కోవాలి.

హిజ్రత్ సంగతి కూడా ఇక్కడ గుర్తొస్తుంది. 622లో మదీనా పోవడానికి ముందే అఖబా దగ్గర అక్కడివాళ్లు వచ్చి మాటిచ్చారు. పోయాక ముహాజిర్లని, అన్సార్లని జోడీలుగా భాయీలు చేశారు. పిలిచేవాళ్లు, చేయి పట్టుకునేవాళ్లు ముందే ఉన్నారు. మనం ఇల్లు చూడ్డానికి పది రోజులు తిరుగుతాం, ఆ మొహల్లాలో మన అన్సార్ ఎవరో ఒక్క పూట కూడా వెతకం.

అలాగని చిన్న ఊళ్లోనే ఉండిపొమ్మని నేను అనను. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో ఉన్నత తాలీమ్ మొదలుపెట్టినప్పుడు హైదరాబాదు పోవడానికి అసలైన కారణం ఉంది. అక్కడ తప్ప దొరకని ఇల్మ్ కోసం పోవడం సరైన సఫర్. ఇటు చూస్తే, ఉమర్ అలీషా సాహెబ్ (1885-1945) పిఠాపురంలోనే ఉండి తెలుగులో కావ్యాలు రాశారు, ఫార్సీ రుబాయీల్ని తెలుగు చేశారు, ఢిల్లీ కేంద్ర శాసనసభకీ వెళ్లారు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలోనే 2015 నుంచి నిట్ ఉంది. దూరపు బిడ్డలు మన ఊరికి చదువుకి వస్తుంటే, మనం చదువు కోసమని ఊరు వదలడానికి తొందరపడుతున్నాం.

ఇదంతా విని భాంజా చాలాసేపు మాట్లాడలేదు. బహూ మాత్రం వెంటనే అంది, "మామూజాన్, ఏలూరులో మగ్గం వర్క్ ఇచ్చే షాపులు రెండు నాకు తెలుసు. ఆయన పని కూడా పూర్తిగా పోదు, రైలుకి గంట లోపే కదా." అప్పటిదాకా తస్బీహ్ తిప్పుతూ కూర్చున్న మా ఆపా తల ఎత్తింది. "నాకు షహర్లు తెలవ్వు రా. మీ అబ్బా ఖబర్ ఇక్కడుంది. జుమాకి వచ్చి ఫాతిహా చదివి, మగ్రిబ్‌కి ఇల్లు చేరేంత దూరమైతే నేనూ వస్తా."

నిజాం అడిగిన ఆ హలఫ్‌నామా నాకు గుర్తొచ్చింది: ఇక వెనక్కి పోను అని రాసివ్వాలి. మా ఆపా అలాంటి కాగితం మీద ఎప్పటికీ దస్తఖత్ పెట్టదు.

చివరికి తేల్చుకున్నది ఇదీ: పెంటపాడు ఇల్లు అమ్మరు. ముందు ఏలూరులో ఒక ఏడాది కిరాయికి ఉంటారు, తమ్మిలేరుకి దూరంగా, కాస్త ఎత్తున్న మొహల్లాలో. ఒక వానాకాలం, ఒక రంజాన్ అక్కడ గడిచాక మకాన్ కొనాలా వద్దా చూస్తారు. పెద్దపిల్ల తొమ్మిదో క్లాసులోకి వచ్చేలోపు ఫైసలా అయిపోవాలి.

అల్లాహ్ వాళ్ల రోజీలో బర్కత్ ఇవ్వాలని దువా చేయండి. మీ ఇంట్లో ఇదే మష్వరా నడుస్తుంటే, షహర్ పేరు చెప్పుకునే ముందు ఈ మూడూ అడగండి: నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి? చేతి పని నిలుస్తుందా? మన పిల్లల్ని ఎవరు, ఎప్పుడు తమవాళ్లంటారు?

ఖుదా హాఫిజ్.