తుపాకి పేలని సరిహద్దు: పి.వి. ఒప్పందం నుండి గల్వాన్ దాకా

2020 జూన్ 17 ఉదయం. దయాల్‌బంద్‌లో మా గేటు దగ్గర పక్కింటి బాబాయ్ గారు మాస్కు కిందికి లాగి అడిగేరు. రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి. "ఏమయ్యా సుబేదారూ, మనోళ్ళ దగ్గర తుపాకులు లేవా? రాళ్ళతో, మేకుల కర్రలతో కొట్టుకోవడమేంటి?"

అంతకు ముందు రాత్రే ఇరవై మంది పోయారన్న వార్త వచ్చింది. 16 బీహార్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు గారు మన సూర్యాపేట వారు, కోరుకొండ సైనిక్ స్కూల్ విద్యార్థి. అదే యూనిట్ సిపాయి గణేష్ రామ్ కుంజామ్ మా ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లా కుర్రాడు. ఆ ఉదయం బాబాయ్ గారికి సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి, నాకు తెలిసినదానితో కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

తుపాకులు ఉన్నాయి. నేనూ తూర్పు లద్దాఖ్‌లో ఒక టెన్యూర్ చేసినవాణ్ణే. చైనా పెట్రోల్ ఎదురుపడితే బ్యానర్ విప్పి చూపించేవాళ్ళం, వాళ్ళూ చూపించేవాళ్ళు. రైఫిల్ బారెల్ నేలవైపే ఉండాలి. ఇది ఆఫీసర్ల మెతకతనం కాదు, రెండు దేశాలూ సంతకం పెట్టిన మాట.

ఆ మాట మొదట ఇచ్చిన ప్రధాని కూడా తెలుగువారే కావడం విశేషం. 1993 సెప్టెంబర్ 7న పి.వి. నరసింహారావు గారు బీజింగ్‌లో ఉండగా వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి కాపాడే ఒప్పందం కుదిరింది. పి.వి. గారు చైనాను నమ్మి మోసపోయారని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అప్పటి పరిస్థితి చూడాలి. 1991లో మన దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయేంత మిగిలింది. కాశ్మీర్, పంజాబ్ మండుతున్నాయి. ఆయుధాలిచ్చే సోవియట్ యూనియన్ ఆ డిసెంబరులో లేకుండా పోయింది. ఉత్తరాన కొంత ఊపిరి పీల్చుకోవడం మనకు తప్పనిసరి.

చైనాకూ అంతే అవసరం. 1989 జూన్‌లో తియానన్మెన్ దగ్గర సొంత ప్రజల మీదే కాల్పులు జరిపి ప్రపంచంలో ఒంటరిదైంది. 1978లో డెంగ్ షియావోపింగ్ మొదలుపెట్టిన సంస్కరణలు ఆగిపోతాయేమోనని వారి పార్టీకి భయం. సరిహద్దులు చల్లబడితే వ్యాపారం మీద మనసు పెట్టవచ్చు. ఇద్దరూ సమయం కొనుక్కున్నారు, కానీ ఆ సమయాన్ని ఎక్కువ వాడుకున్నది వాళ్ళు. 1990లో రెండు దేశాల జాతీయోత్పత్తి దాదాపు సమానం. 2020 నాటికి వాళ్ళది మనకు అయిదు రెట్లు పైనే. 2006లోనే లాసాకు రైలు వేసేశారు. రైల్వే ఊళ్ళో ఉంటున్న మనకు దాని విలువ వేరే చెప్పాలా? దౌలత్ బేగ్ ఓల్డీకి వెళ్ళే మన 255 కిలోమీటర్ల రోడ్డు పూర్తి కావడానికి 2019 వచ్చింది.

1996 నవంబర్ 29న రెండో ఒప్పందం. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపకూడదన్నది ఇందులోదే. మరో షరతూ ఉంది, దాన్ని జనం గుర్తుంచుకోరు. రేఖ ఎక్కడుందో తేల్చడానికి మ్యాపులు మార్చుకోవాలి. మధ్య సెక్టార్ మ్యాపులు మార్చుకున్నారు. 2002లో పశ్చిమ సెక్టార్ మ్యాపుల దగ్గరికి వచ్చేసరికి చైనా వెనక్కి తగ్గింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. గీత తేలకపోతే బలమున్నవాడికి లాభం.

వాళ్ళ సైన్యం దేశానికి కాదు, పార్టీకి చెందినది. మనవాళ్ళు ఈ తేడాను తేలిగ్గా తీసుకుంటారు. 2012 నవంబర్‌లో షీ జిన్‌పింగ్ పార్టీ పగ్గాలతో పాటు కేంద్ర సైనిక కమిషన్ పగ్గాలూ ఒకేసారి పట్టుకున్నారు. 2013 ఏప్రిల్‌లో దెప్సాంగ్, 2014లో ఆయన మన దేశంలో అతిథిగా ఉండగానే చుమార్, 2017లో 73 రోజుల డోక్లామ్. సముద్రం మీదా ఇదే పద్ధతి. 2016లో దక్షిణ చైనా సముద్రంపై అంతర్జాతీయ ట్రిబ్యునల్ తీర్పును తోసిపుచ్చారు. 2017లో జిబూతీలో సైనిక స్థావరం తెరిచారు, అదే ఏడాది శ్రీలంక హంబన్‌టోట రేవు 99 ఏళ్ళ లీజుకు వారి కంపెనీ చేతికి వచ్చింది. యుద్ధం అనిపించకుండా అడుగు అడుగు జరపడం. గల్వాన్ ఇందులో ఒక అడుగు.

1975లో తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు పోయాక, 45 ఏళ్ళు ఆ రేఖ మీద పోరులో ఎవరి ప్రాణమూ పోలేదు. 2020 జూన్ 6న కోర్ కమాండర్లు మాట్లాడుకుని వెనక్కి తగ్గుదామన్నారు. 15వ తేదీ రాత్రి ఆ మాట అమలు దగ్గరే గొడవ. గాయపడ్డాక కూడా సంతోష్ బాబు గారు తన మనుషుల ముందే నిలబడ్డారు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర. చైనా తన వాళ్ళు నలుగురు పోయారని ఒప్పుకోవడానికి 2021 ఫిబ్రవరి దాకా ఆగింది. మరుసటి ఏడాది గల్వాన్‌లో గాయపడ్డ తన రెజిమెంట్ కమాండర్‌తో బీజింగ్ ఒలింపిక్స్ జ్యోతి మోయించింది. రాజకీయం అంటే వారికి అది.

ఇంకో సంగతి. 2020 సెప్టెంబర్ 7న చుషుల్ వైపు గాలిలో తూటాలు పేలాయి, నాలుగున్నర దశాబ్దాల తర్వాత. పి.వి. గారి ఒప్పందానికి సరిగ్గా ఇరవై ఏడేళ్ళు నిండిన రోజు. ఎవరైనా గమనించారో లేదో గానీ, తేదీ చూసి నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఆ ఏడాది దీపావళికి చైనా దీపాల దండలు కొనకూడదని మా వీధిలో అందరూ ఒట్టు వేశారు. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు దాదాపు 99 బిలియన్ డాలర్లు.

మొన్న ఇదంతా బాబాయ్ గారికి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "అయితే ఆ గీత ఎక్కడుందో ఇప్పుడైనా తేల్చేరా?" అన్నారు. 2024 అక్టోబర్ 21న ఒక అవగాహన కుదిరి దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో పెట్రోలింగ్ మళ్ళీ మొదలైందని, 2025 ఆగస్టులో సరిహద్దు గుర్తింపు కోసం నిపుణుల బృందం వేయాలని అనుకున్నారని చెప్పాను. "గీత సంగతి అడుగుతున్నానయ్యా" అన్నారాయన. లేదు బాబాయ్, తేలలేదు అన్నాను.