'ఫ్యాన్' అనే మాటలో ఒక గుడి ఉంది!

మా మదనపల్లెలో పెద్ద హీరో సినిమా వస్తే థియేటర్ ముందు ఒకటే గోల: "నేను ఫలానా హీరో ఫ్యాన్!" ఈ 'ఫ్యాన్' అనే మాట ఎక్కడిదో తెలుసా? గుడి నుంచి వచ్చింది. (ఇంట్లో తిరిగే ఫ్యాన్ వేరే. దాని మూలం లాటిన్‌లో 'వన్నుస్', అంటే ధాన్యం చెరిగే చేట!)

లాటిన్‌లో 'ఫానుమ్' అంటే గుడి. నపుంసక లింగం. బహువచనం 'ఫాన'. దాని నుంచి 'ఫనాటికుస్' పుట్టింది. మొదట గుడికి చెందినవాడు అని అర్థం, తర్వాత దేవుడు పూనినవాడు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలో పూనకం చూసినోళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీషులో అది 'ఫనాటిక్' అయింది, దాన్ని కత్తిరిస్తే 'ఫ్యాన్'. థియేటర్లో మనోళ్లు "పూనకాలే" అంటున్నారంటే, తెలియకుండానే పాత అర్థం దగ్గరికి వెళ్లినట్టే!

ఇప్పుడు వ్యాకరణం. మనం 'గుడి ముందు' అంటాం, 'ముందు' చివర వస్తుంది. లాటిన్‌లో 'ప్రో' మొదట వస్తుంది, దాని వెనక 'ఫానుమ్' కాస్తా 'ఫానో' అవుతుంది. 'ప్రో ఫానో' అంటే గుడి ముందు, అంటే గుడి బయట. అందులోంచి వచ్చిన మాటే 'ప్రొఫేన్': అపవిత్రం. చూడండి, నిలబడిన చోటును బట్టి ముద్ర పడింది.

మన 'గుడి' సంగతేంటి? కుప్పంలో మూడు భాషలూ వినిపిస్తాయి కదా. కన్నడలో 'గుడి' గుడే. తమిళంలో 'కుడి' అంటే ఇల్లు, కుటుంబం. ద్రావిడ భాషల నిఘంటువులో 'గుడి', 'గుడిసె' ఒకే మూలం కింద ఉంటాయి. రెండూ అక్కాచెల్లెళ్లు.

కానీ చరిత్రలో ఏం జరిగింది? గుడిసెల్లో ఉన్న దళితుల్ని చాలా గుళ్ల బయటే నిలబెట్టారు. అప్పట్లో మన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ధర్మకర్తలు ఒప్పుకుంటే తలుపులు తెరవొచ్చని 1939లో చట్టం వచ్చింది. 1947 చట్టంతో ప్రవేశం హక్కయింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది.

మాట పుట్టినప్పుడు గుడి అంటే ఇల్లే. ఇంట్లోకి రావడానికి మనిషికి చట్టం కావాల్సొచ్చింది. ఈసారి ఎవరినైనా గడప బయట ఆపడం చూస్తే, ఈ రెండు మాటల చుట్టరికం గుర్తు చేయండి. మళ్లీ కలుద్దాం!