దీవికి పోకముందు చదువవలసిన పుస్తకాలు

సెలవులలో దీవికి పోవలెనని మా యింట నిశ్చయమైన నాడు మొదట లేచిన వాదం బండిని గూర్చి కాదు, భోజనాన్ని గూర్చీ కాదు. పోకముందు ఏ పుస్తకాలు చదువవలెనన్నదే ఆ వాదం. కథల పుస్తకాలు చాలునని పిల్లలు, విహారానికి పోతూ చదువెందుకని పెద్దలు పట్టుపట్టినారు. దీవి అనగానే శ్రోతలకు అండమానులో, లక్షదీవులో తోచవచ్చు. మేము పోదలచినది అంత దూరం కాదు. నాగోలు నుండి సాగర్ రోడ్డు పట్టి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దాటి, సుమారు 150 కిలోమీటర్లు పోతే నాగార్జునసాగరం వస్తుంది. అక్కడ లాంచీ ఎక్కినవారు జలాశయం నడుమ దిగే చోటు నాగార్జునకొండ.

కొన్ని సంవత్సరాల క్రిందట మేము ఈ దీవికి ఏమీ చదువకుండానే పోయి వచ్చినాము. చెట్ల నీడన పులిహోర తిన్నాము, రాళ్లను చూచినాము, ప్రదర్శనశాలలో శిల్పాల ముందు కొంతసేపు నిలిచినాము. తిరుగు ప్రయాణంలో మా ప్రక్కన కూర్చున్న ఒక వృద్ధుడు నీటి వైపు వ్రేలు చూపి, “మా నాయన పొలం అక్కడ ఉండెను” అన్నాడు. మేము అటు చూచినాము. నీరు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన ఏమి చూస్తున్నాడో మాకు తెలియలేదు. ఆ సిగ్గు మమ్ములను చాలాకాలం విడువలేదు. ఈసారి పుస్తకాలను గూర్చి ఇంత తర్జనభర్జన పడుటకు కారణం అదే.

ఈ దీవి ప్రకృతి చేసినది కాదు. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు కృష్ణానది గల ఒక లోయలో ఇది ఒక కొండ మాత్రమే. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. జలాశయం నిండితే నీటిమట్టం 590 అడుగులకు చేరుతుంది. లోయ మునిగినది, కొండ తల మాత్రం పైకి నిలిచి దీవి అయినది. నేడు ఆ దీవి ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలోనూ, ఎడమ గట్టు తెలంగాణలోని నల్లగొండ జిల్లాలోనూ ఉన్నవి. ఇతర దీవులకు పోయేవారు కాలక్షేపానికి పుస్తకం చదువుతారు. ఇక్కడ చూడవలసిన దానిలో అధికభాగం నీటి క్రింద ఉన్నది గనుక పుస్తకం లేనిదే చూపు లేదు.

అయితే ఏ పుస్తకం? మేము కనుగొన్న ఉపాయం చాల సులువైనది. పుస్తకం వ్రాసినవారి పేరు కంటె ముందు, అది ఏ సంవత్సరంలో వెలువడినదో చూడవలెను. ఈ లోయను గూర్చిన పుస్తకాలు మూడు తరగతులు: లోయ బయటపడక ముందువి, నీరు రాకముందువి, నీరు వచ్చిన తరువాతివి.

మొదటి తరగతిలో మేము చేతికి తీసుకొన్నది చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’. దాని ప్రథమ భాగం 1910లో వెలువడినది. హైదరాబాదులో 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ప్రచురణలలో అది ఒకటి. తెలుగువాడు తన పూర్వుల కథను తన భాషలో చదువుకొనుటకు అది తెరచిన త్రోవ గొప్పది. కాని ఆనాటికి ఈ లోయ ఎవరికీ తెలియదు. వీరపురుషదత్తుడనే ఇక్ష్వాకు రాజు పేరు జగ్గయ్యపేట శాసనం వలన పండితులు ఎరుగుదురు. ఆయన రాజధాని విజయపురి ఈ కొండల నడుమ మట్టిలో ఉన్నదని ఎరుగరు. ఆ పుస్తకంలో లేనిదానికి ఆ రచయితను తప్పు పట్టరాదు. భూమి అప్పటికి ఇంకా నోరు విప్పలేదు.

భూమి నోరు విప్పినది 1926లో. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక పురాతన స్తంభాన్ని చూచి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసినారు. శాసన పరిశోధన శాఖలో తెలుగు సహాయకులుగా ఉండిన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించినారు. ఆ మీదట 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు జరిపినారు. దొరికిన ప్రాకృత శాసనాలను హాలండు దేశపు పండితుడు ఫోగెల్ చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 20, 21 సంపుటాలలో ప్రకటించినారు. లాంగ్‌హర్స్ట్ గ్రంథం 1938లో వచ్చినది. ఆ యేడే తవ్వకాలు జరిపిన టి. ఎన్. రామచంద్రన్‌గారి గ్రంథం 1953లో వచ్చినది. ఇవన్నీ నీరు రాకముందు పుస్తకాలు. వీరందరూ ఈ లోయలో కాలినడకను తిరిగినవారు. ఎక్కడ గట్టు ఉన్నది, ఎక్కడ నది వంపు తిరిగినది, ఏ దిబ్బ నుండి ఏ దిబ్బకు ఎంత దూరం అన్నది కన్నులారా చూచి వ్రాసినవారు. ఈ భాగ్యం తరువాతి వారికి లేదు.

శాసనాలను చదువుటకు భయపడవలసిన పని లేదు. వాటిలో మనుష్యులే కనబడుతారు. మహాచైత్యానికి వీరపురుషదత్తుని 6వ పరిపాలన సంవత్సరంలో స్తంభాలు నెలకొల్పినది ఆయన మేనత్త శాంతిశ్రీ. 106 అడుగుల వ్యాసం గల ఆ స్తూపం లోపలి కట్టడం బండిచక్రం వలె ఆకులు తీర్చి ఉన్నదని లాంగ్‌హర్స్ట్ గ్రంథం తెలుపుతుంది. అదే రాజు 14వ సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక తామ్రపర్ణి దీవి నుండి వచ్చిన థేరుల కొరకు ఒక చైత్యగృహం కట్టించినది. తామ్రపర్ణి అనగా సింహళం. కాశ్మీర, గాంధార, చీనాది దేశాలకు ధర్మాన్ని చేర్చినవారని ఆ థేరులను శాసనం కీర్తిస్తుంది. సింహళ విహారమొకటి ఇక్కడ ఉండినదని కూడా చెబుతుంది. నేడు మనం దీవి అని వినోదానికి పోయే చోటికి ఆనాడు సముద్రం దాటి దీవివాసులు వచ్చి నివసించినారు. ఈ ముక్క చదివిన తరువాత మా పిల్లలు కథల పుస్తకాలను అడుగుట మానినారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లాంగ్‌హర్స్ట్ గ్రంథం ఒక్కటే చదివినవారు ఇది కేవలం బౌద్ధనగరమని తలచుదురు. ఆయన గ్రంథం పేరే బౌద్ధ అవశేషాలను గూర్చినది. ఆనకట్ట తప్పదని తేలిన తరువాత, 1954 నుండి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో నీటితో పందెం వేసినట్లు తవ్వకాలు సాగినవి. నూటికి పైగా స్థలాలను తవ్వినారు. సర్వదేవుని ఆలయం, పుష్పభద్రస్వామి ఆలయం, అష్టభుజస్వామి ఆలయం, స్నానఘట్టం, రంగస్థలం, ఇంకా వెనుకటి రాతియుగపు పనిముట్లు, సమాధులు బయటపడినవి. బౌద్ధ విహారాల ప్రక్కనే దేవాలయాలు వెలసిన నగరం అది. మునుపటి పుస్తకం అబద్ధం కాదు, అసంపూర్ణం.

మరొక సంగతి. దీవికి పేరిచ్చిన ఆచార్య నాగార్జునుని ప్రసిద్ధిని తలచి పోయేవారు చాలమంది. మేమును అట్లే పోయినాము. అక్కడ దొరికిన ఇక్ష్వాకుల శాసనాలలో ఆయన పేరు లేదు. సంప్రదాయం ఒకటి, శాసనం ఒకటి. రెంటినీ గౌరవించవచ్చును గాని ఒకదానికి బదులు మరొకటి చదువరాదు.

ఇక మూడవ తరగతి. ప్రదర్శనశాల తెరచిన 1966లోనే హెచ్. సర్కార్, బి. ఎన్. మిశ్రగార్లు వ్రాసిన చిన్న పుస్తకాన్ని పురావస్తు శాఖ ప్రచురించినది. యాత్రికుని చేతికి అదే తగినది. ఏ కట్టడాన్ని ఎక్కడి నుండి తెచ్చి కొండపై తిరిగి నిలిపినారో తెలియకపోతే, కొండమీద నున్న స్నానఘట్టాన్ని చూచి ‘నది లేనిచోట మెట్లెందుకు?’ అని నవ్వుకొని వచ్చుట జరుగుతుంది. మేము మొదటిసారి అట్లే నవ్వినాము. ఆ మెట్లు కృష్ణ ఒడ్డున ఉండినవని తెలిసిన తరువాత నవ్వు రాదు. 1954–60 తవ్వకాల సమగ్ర నివేదికలో మొదటి సంపుటం 1975లో వచ్చినది. చారిత్రక యుగాన్ని గూర్చిన రెండవ సంపుటం 2006లో గాని రాలేదు. తవ్వినవారిలో పలువురు ఆ పుస్తకాన్ని కన్నులార చూచుకొనలేదు. నీరు గడువు ప్రకారం వచ్చినది, పుస్తకం రాలేదు.

ఇవి ఎక్కడ దొరుకుతవని శ్రోతలు అడుగవచ్చు. మా నాగోలు మూసీ ఒడ్డున ఉన్నది. అదే నదికి ఎగువన, అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. సుల్తాన్‌బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నది. నాగోలులో మెట్రో రైలెక్కి తార్నాకలో దిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర. పాత శాసన సంపుటాలను ఇంటినుండే కంప్యూటరు తెరమీద చదువుకొనే వసతి కూడా నేడు కలదు. మూసీ నీరు ఈ దీవిని తాకదు. ఆనకట్టకు దిగువన వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కాని 2004 నుండి సాగరపు నీరు హైదరాబాదుకు త్రాగునీరుగా వస్తున్నది. ఏ నీరు ఆ లోయను కప్పినదో ఆ నీటినే నగరవాసులం త్రాగుతున్నాము. ఆ లోయను గూర్చి నాలుగు పుటలు చదువుట మనకు వినోదం మాత్రమే కాదు, ఋణం కూడా.

చివరకు మా యింట కుదిరిన వరుస ఇది. మొదట 1966 నాటి చిన్న పుస్తకం, అందులోని పటాల కొరకు. పిదప ఫోగెల్ చదివిన శాసనాలలో శాంతిశ్రీ, బోధిశ్రీల దానాలు. తరువాత లాంగ్‌హర్స్ట్ గ్రంథం. దానిని సరిదిద్దుటకు 2006 నాటి సంపుటంలో దేవాలయాల భాగం. వీరభద్రరావుగారి చరిత్రను తిరిగి వచ్చిన తరువాత చదువవలెనని పెట్టుకొన్నాము. తెలియని కాలంలో ఎంత తెలిసినదో అప్పుడే బోధపడుతుంది.

ఒక లోటు మిగిలినది. లాంచీలో ఆ వృద్ధుడు చూపిన పొలం ఈ పుస్తకాలలో మాకు కనబడలేదు. ఈ లోయలోని పుల్లారెడ్డిగూడెం వంటి ఊరి పేరు తవ్వకాల రచనలలో వస్తుంది గాని, ఫలానా శిథిలం ఆ ఊరికి ఏ దిక్కున ఉన్నదో చెప్పుటకే వస్తుంది. పదునేడు వందల యేండ్ల క్రిందట స్తంభం నిలిపిన స్త్రీ పేరు మనకు తెలుసు. అరువది యేండ్ల క్రిందట నాగలి విడిచి గట్టెక్కిన రైతు పేరు తెలియదు. అందుచేత ఈసారి సంచిలో పుస్తకాలతో పాటు ఒక తెల్లకాగితాల నోటుపుస్తకం కూడా పెట్టుకొన్నాము. లాంచీలో ఎవరైనా పెద్దలు నీటివైపు వ్రేలు చూపితే, ఊరి పేరు, ఇంటి పేరు అడిగి వ్రాసుకొందుము.